గిటారుకు మన శ్రుతి

హరినామ సప్తాహం రోజుల్లో మన దెగ్లూర్ వైపు ఏ పల్లెకు వెళ్లినా గుడిలో ఒక మనిషి మెడలో వీణ వేసుకుని నిలబడి కనిపిస్తాడు. దాన్ని వీణా పహారా అంటారు. ఏడు రోజులు, రాత్రింబవళ్లు, ఆ వీణను ఒకరి మెడలోంచి తీసి మరొకరి మెడలో వేస్తారే తప్ప నేలమీద పెట్టరు. పేరుకు వీణే గాని, అది మన కచేరీలలో వాయించే సరస్వతీ వీణ కాదు. తంబురా జాతిది. ఎడమచేత్తో మెట్ల మీద నొక్కి స్వరాలు పలికించే పని అందులో లేదు. తీగలను ముందే శ్రుతి చేసి ఉంచుతారు, కుడిచేతి వేలితో మీటుతారు, అంతే. అక్షరం రానివాడు కూడా పహారాలో నిలబడి వీణ మోగించగలడు. తప్పు స్వరం పడే అవకాశమే ఉండదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈనాటి మన విషయం గిటారు. గిటారు అనగానే సినిమా పాట, కాలేజీ కుర్రవాళ్లు గుర్తుకొస్తారు. కాని గిటారును కూడా సప్తాహం వీణలాగా శ్రుతి చేసే పద్ధతి ఒకటుంది. దాన్ని ఇంగ్లీషు పేరుతో ఓపెన్ ట్యూనింగ్ అంటారు. ఏ తీగనూ నొక్కకుండా, విడిగా వదిలేసి ఆరు తీగలనూ మీటితే ఒక నిండు శ్రుతి పలకాలి. అదీ దాని లక్షణం. మనం దాన్ని విడి తీగల శ్రుతి అనుకుందాం.

మామూలు గిటారు అలా పలకదు. లావు తీగ నుంచి సన్నని తీగ దాకా ఆరు తీగలను ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలకు బిగిస్తారు. ఏమీ నొక్కకుండా ఒక్కసారి ఆరింటినీ మీటి చూడండి. బస్టాండులో ఆరుగురు ఆరు ఊళ్ల పేర్లు ఒకేసారి అరిచినట్టుంటుంది. ఎడమచేతి మూడు నాలుగు వేళ్లు సరైన చోట్ల పడితేనే అది కార్డు అవుతుంది. ఈ ఏర్పాటు వెనక చాలా తెలివి ఉంది. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు చెయ్యి తక్కువ కదిలించి వెళ్లవచ్చు, ఏ స్వరాన్నైనా ఆధారంగా చేసుకోవచ్చు. పాశ్చాత్య సంగీతానికి అది కావాలి. సా ఒకచోట నిలిచి, పాటంతా దాని చుట్టూ తిరిగే మన సంగీతానికి మాత్రం అంత ఏర్పాటు అవసరం లేదు.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివిన ఒక పిల్లవాడి వల్ల నాకు ఈ సంగతులన్నీ తెలుసుకోవలసి వచ్చింది. గిటారు అతనిదే. ఏడాదిపాటు పుస్తకం చూసి తనంతట తాను నేర్చుకున్నాడు. ఒక రోజు కడబా కుట్టీ యంత్రంలో, అదే, పశువులకు చొప్ప నరికే యంత్రంలో, ఎడమచేతి నడిమి వేలు, ఉంగరం వేలు సగానికి పోయాయి. బొటనవేలు, చూపుడు వేలు, చిటికెన వేలు మిగిలాయి. గాయం మానాక గిటారు నేర్పేవారి దగ్గరికి తీసుకెళ్తే రెండు వేళ్లతో కార్డులు రావన్నారు. పేటీ నేర్చుకోమని ఇంట్లో చెప్పారు. ఎడమచెయ్యి భాతా కొడితే చాలు, కుడిచెయ్యి బాగానే ఉందిగా అన్నారు. న్యాయమైన మాటే. గిటారును తిప్పి పట్టుకుని కుడిచేత్తో నొక్కమని నేను చెప్పాను. అదీ న్యాయమే. తీగలు తిరగేసి కట్టి వారం రోజులు ప్రయత్నించి, "సార్, ఇది నా చెయ్యి కాదు" అన్నాడు.

నేను బి.ఎడ్. చదివినవాణ్నే గాని సంగీతం పరీక్షలు రాసినవాణ్ని కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో త్యాగరాజ కృతులు, ఎదురింట్లో తుకారాం అభంగాలు వింటూ పెరిగాను, అంతే. అయినా ఒక ఆలోచన తట్టింది. వేళ్లు తీగల దగ్గరికి పోలేకపోతే, తీగలనే వేళ్ల దగ్గరికి తెస్తే?

దీనికి మనవాళ్ల దారి ఎప్పటినుంచో ఉంది. సరస్వతీ వీణనే చూడండి. వాయించే తీగలు నాలుగు: సారణి సా, దాని కింద పా, ఇంకా కింద మంద్ర సా, అనుమంద్ర పా. పక్కన తాళం వేసే తీగలు మూడు: సా, పా, పై సా. ఏడు తీగలలోనూ సా, పా తప్ప ఇంకొకటి లేదు. ఫిడేలు సంగతి ఇంకా బాగుంటుంది. అది విదేశీ వాద్యం. అక్కడ జి, డి, ఎ, ఇ అని నాలుగు తీగలు, ఒక్కొక్కటీ ముందుదానికి పంచమంలో ఉంటాయి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారని చెబుతారు. మనవాళ్ల చేతిలో పడగానే ఆ నాలుగు తీగలు సా, పా, సా, పా అయిపోయాయి. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయించింది ఈ శ్రుతిలోనే. పేరు పాశ్చాత్యులదే, చెక్క పాశ్చాత్యులదే, శ్రుతి మాత్రం మనది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌గారు కూడా వాద్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. జంటలు జంటలుగా ఎనిమిది తీగలుండే మాండొలిన్‌ను ఐదు విడి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకున్నారు. జంట తీగను గమకం కోసం లాగడం కష్టం, ఒంటి తీగ మాట వింటుంది. మొదట్లో దాన్ని ఆక్షేపించినవాళ్లు కొందరు ఉన్నారు. 2014లో ఆయన పోయేనాటికి ఆ ఆక్షేపణ ఎవరికీ గుర్తు లేదు.

ఇక గిటారు దగ్గరికి వద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. సన్నని తీగ ఒకటోది, అన్నిటికన్నా లావుది ఆరోది. మామూలు శ్రుతిలో ఉన్న గిటారులో ఐదో తీగ ఎ, నాలుగో తీగ డి. ఈ రెండింటినీ ముట్టుకోవద్దు. డి మన సా, ఎ మన పా. ఇప్పుడు ఆరో తీగను కొద్దిగా వదులు చేయండి. నాలుగో తీగను మీటుతూ, అదే సా ఒక స్థాయి కింద పలికే దాకా వదలాలి. తర్వాత ఒకటో తీగను వదులు చేసి, నాలుగో తీగకు పై స్థాయి సా చేయండి. రెండో తీగను వదులు చేసి, ఐదో తీగకు పై స్థాయి పా చేయండి. ఇక మూడో తీగ మిగిలింది. మామూలుగా అది జి, అంటే మన లెక్కలో మా. దాన్ని ఒక మెట్టు దించితే గా అవుతుంది. సరిచూసుకోవాలంటే నాలుగో తీగను నాలుగో మెట్టు మీద నొక్కి మీటండి, ఆ స్వరమే మూడో తీగ విడిగా పలకాలి. ఇప్పుడు లావు తీగ నుంచి వరసగా సా, పా, సా, గా, పా, సా. ఆరింటినీ మీటితే నిండు కార్డు. ఒక్క వేలు అవసరం లేదు. చూపుడు వేలును ఐదో మెట్టు మీద అడ్డంగా పరిస్తే మధ్యమం మీద కార్డు, ఏడో మెట్టు మీద పరిస్తే పంచమం మీద కార్డు. ఈ మూడింటితో సాగిపోయే పాటలు లెక్కలేనన్ని.

ఒక జాగ్రత్త. ఇదే పద్ధతిలో సా ను ఇ దగ్గర పెట్టుకోవచ్చని, అప్పుడు గొంతుకు ఇంకొంచెం పైన ఉంటుందని చదివి, మేము మొదట మూడు తీగలను పైకి బిగించబోయాం. నాలుగో తీగ తెగి పిల్లవాడి చెంప మీద గీత పెట్టింది. తర్వాత లెక్క వేసి చూస్తే తెలిసింది. తీగ బిగువు దాని స్వరపు వేగానికి వర్గంగా పెరుగుతుంది. రెండు మెట్లు పైకి బిగిస్తే బిగువు నాలుగో వంతుకు పైగా ఎక్కువవుతుంది. ఆరు ఉక్కు తీగలు కలిసి గిటారును 70 కిలోల దాకా లాగుతూ ఉంటాయని గుర్తుంచుకోండి. పాత గిటారుకు బ్రిడ్జి లేచిపోవచ్చు కూడా. అందుకని ఎప్పుడూ దించండి, పైకి బిగించవద్దు. దించినప్పుడు బిగువు ఐదో వంతు తగ్గుతుంది, తీగ కొంచెం గరగరమంటుంది. ఒక నంబరు లావు తీగలు వేసుకుంటే ఆ గరగర పోతుంది.

పాటగాడి శ్రుతి ఎలా కలపాలన్నది తర్వాతి ప్రశ్న. మన సరిహద్దులో దీనికి రెండు భాషలున్నాయి. దెగ్లూర్ భజనలో పేటీ వాయించే వారిని అడిగితే "కాళీ ఏక్" అంటారు, అంటే మొదటి నల్లమెట్టు. మద్నూరు దాటి బిచ్కుంద వైపు వెళ్తే కర్ణాటక సంగీతం నేర్చినవారు అదే స్వరాన్ని "ఒకటిన్నర శ్రుతి" అంటారు. రెండూ ఒకటే, ఇంగ్లీషులో సి షార్ప్. పాంఢరీ దోన్ అంటే రెండు శ్రుతి, మన గిటారు డి. కాళీ దోన్ అంటే రెండున్నర. పాంఢరీ తీన్ మూడు, పాంఢరీ చార్ నాలుగు, కాళీ తీన్ నాలుగున్నర, పాంఢరీ పాంచ్ ఐదు, కాళీ చార్ ఐదున్నర. గిటారు మెడకు బిగించే క్లిప్పు ఒకటి దొరుకుతుంది, కేపో అంటారు. రెండున్నరకు ఒకటో మెట్టు మీద, మూడుకు రెండో మెట్టు మీద, ఆడవాళ్లు పాడే ఐదు శ్రుతికి ఐదో మెట్టు మీద, ఐదున్నరకు ఆరో మెట్టు మీద దాన్ని బిగిస్తే చాలు. వేళ్ల పని ఏమీ మారదు. కాళీ ఏక్‌కు మాత్రం కేపో పనికిరాదు, ఆరు తీగలనూ ఒక్కొక్క అరస్వరం దించుకోవాలి. ఈ రోజుల్లో సెల్‌ఫోన్‌లో శ్రుతి చూపే యాప్‌లున్నాయి, మంచిదే. కాని భజనలో ఫోనును నమ్మకండి, పేటీని నమ్మండి. పాత పేటీ ఫోను చెప్పిన లెక్కకు ఒక పిసరు ఇటో అటో ఉంటుంది. పేటీ రీడ్లను అప్పటికప్పుడు మార్చలేం, తీగను మార్చగలం.

మావాడు మా వాడ భజనీ మండళికి వెళ్లి కూర్చున్నాడు. సాయంత్రం హరిపాఠ్ అయ్యాక అభంగాలు. కాళీ ఏక్‌కు దించిన గిటారు. యమన్ రాగంలో ఒక అభంగం, మన లెక్కలో కల్యాణి. విడి తీగల కార్డు పేటీతో కలిసి గుడి కప్పు దాకా నిండింది. పేటీ వాయించే కాకా తల ఊపారు. నేను మనసులో ఉప్పొంగిపోయాను. చివరికి భైరవి వచ్చింది. భజన అయినా కచేరీ అయినా భైరవితో ముగించడం మనవైపు మర్యాద. రెండు చరణాలయ్యేసరికి కాకా పేటీ ఆపేశారు.

"మాస్తర్, ఆ డబ్బాలో ఏదో ఒక తీగ అబద్ధం చెబుతోంది" అన్నారు.

నిజమే చెప్పారు. హిందుస్తానీ భైరవిలో గాంధారం కోమలం. మన మూడో తీగ ఎడతెగకుండా పలుకుతున్నది శుద్ధ గాంధారం, కర్ణాటకంలో అంతర గాంధారమంటాం. పాట ఒక గా పాడుతుంటే తీగ ఇంకో గా పాడుతోంది. యమన్‌లో అమృతంలా ఉన్న తీగే భైరవిలో పాలలో పడిన నిమ్మచుక్క. సప్తాహం వీణలో తప్పు స్వరం పడదని ఇందాక అన్నానే, దానికి కారణం అందులో గాంధారం తీగే లేకపోవడం.

కాకా చెప్పకపోయినా ఆ తీగలో ఇంకో చిక్కుంది, యమన్‌లో కూడా ఉంది. గిటారులో ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి మెట్లు బిగిస్తారు. ఒక్కో మెట్టును నూరు పైసలనుకోండి. నాలుగో మెట్టు దగ్గర గాంధారం సరిగ్గా 400 పైసలు. కాని తీగ నాదంలోంచి తనంతట తాను వినిపించే సహజ గాంధారం 386 పైసలే. తంబురా దగ్గర చెవిపెట్టి వినండి, సా తీగలోంచే సన్నగా ఒక గాంధారం వినిపిస్తుంది, అది ఇదే. పద్నాలుగు పైసల తేడా. ఆ గాను మూడో తీగకు మెట్టు లెక్కన శ్రుతి చేసి నాలుగో తీగతో కలిపి మీటితే సెకనుకు ఐదారు అలలు కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది. బిరడను కొంచెం కొంచెంగా వదులుతూ పోతే అలలు నెమ్మదించి ఒకచోట ఆగిపోతాయి, నాదం నిలువుగా నిలబడుతుంది. ఆ క్షణం వినవలసిందే. కాని ఆ తీగ మీద మూడో మెట్టు నొక్కి పా పలికిస్తే అదీ పద్నాలుగు పైసలు కిందే ఉంటుంది, పక్కనున్న రెండో తీగ పా తో కొట్లాడుతుంది. ఒకచోట దిద్దితే ఇంకోచోట చెడుతుంది. పంచమానికి ఈ బాధ లేదు, 700కు 702, రెండు పైసలు ఎవరూ అడగరు. పేటీకీ ఇదే జబ్బు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించి, 1971 దాకా గాలిలోకి రానివ్వకపోవడానికి చెప్పిన కారణాలలో స్వరాల ఈ మొండితనం ఒకటి. రేడియోలో కూర్చుని ఈ మాట చెబుతున్నాను, ఏమనుకోకండి. మా కాకా పేటీ లేకుండా మా వాడలో భజనే లేదు. వీణ మెట్లను మైనంలో పొదుగుతారు కాబట్టి చేసేవాడు చెవితో సరిదిద్దగలడు. గిటారు మెట్లు లోహపు గీతలు, కదలవు.

అందుకని గాంధారం తీగను తీసేయడమే మేలనిపించింది. మూడో తీగను మళ్లీ మామూలు జి కి, అంటే మా కు, తెచ్చేశాం. ఇప్పుడు వరస సా, పా, సా, మా, పా, సా. ఇంగ్లీషు అక్షరాలలో డి, ఎ, డి, జి, ఎ, డి. గిటారు వాయించేవాళ్లు దీన్ని ఒకే మాటగా డ్యాడ్‌గ్యాడ్ అంటారు. ఇది మేము కనిపెట్టింది కాదని తర్వాత తెలిసింది. డేవీ గ్రాహం అనే ఇంగ్లండు గిటారు విద్వాంసుడు 1960ల మొదట్లో మొరాకో వెళ్లి, అక్కడి ఊద్ వాద్యకారులతో కలిసి వాయించడానికి ఈ శ్రుతి పట్టాడు. అరబ్బుల సంగీతం కూడా మన సంగీతంలాగే ఒక ఆధారం మీద రాగం పెంచుకుంటూ పోయేది. వారి గాంధారాలు రకరకాలు. గాంధారం ముందే నిర్ణయించిన శ్రుతి అక్కడ పనికిరాదు. మా వాడ గుడిలో మాకు వచ్చిన ఇబ్బందే ఆయనకూ వచ్చిందన్నమాట.

ఈ శ్రుతిలో కార్డు నవ్వదు, ఏడవదు. గాంధారం లేదు కాబట్టి ఏ రాగానికైనా జాగా ఇస్తుంది. ఒకటో తీగ మీద పాట, మిగిలిన తీగలు శ్రుతి. చూపుడు వేలు, చిటికెన వేలు రెండూ చాలు. సంగీతం నేర్చుకునే పిల్లలు మొదట నేర్చే మాయామాళవగౌళ ఒకటో తీగ మీద ఇలా వస్తుంది: సా విడి తీగ, రి ఒకటో మెట్టు, గా నాలుగు, మా ఐదు, పా ఏడు, దా ఎనిమిది, ని పదకొండు, పై సా పన్నెండు. సరళీ స్వరాలు అక్కడే మొదలుపెట్టవచ్చు. హిందుస్తానీ భైరవికి సున్నా, ఒకటి, మూడు, ఐదు, ఏడు, ఎనిమిది, పది, పన్నెండు. మోహనానికి, అంటే మరాఠీవారి భూప్‌కు, సున్నా, రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, పన్నెండు. కల్యాణికి సున్నా, రెండు, నాలుగు, ఆరు, ఏడు, తొమ్మిది, పదకొండు, పన్నెండు.

అయితే కల్యాణిలో మూడో తీగ అడ్డొస్తుంది. కల్యాణిది ప్రతి మధ్యమం, తీగ పలికేది శుద్ధ మధ్యమం. మోహనంలో అసలు మధ్యమమే లేదు. దానికి మందు ఒక్క వేలు. చూపుడు వేలితో మూడో తీగను రెండో మెట్టు మీద నొక్కి ఉంచండి. మా కాస్తా పా అవుతుంది. అప్పుడు ఆరు తీగలూ సా, పా, సా, పా, పా, సా. సరస్వతీ వీణ శ్రుతే. మావాడు ఆ రాగాలకు పాట వాయించే పని మానుకుని, చూపుడు వేలు అక్కడ ఉంచి తంబురాలాగా శ్రుతి నింపుతాడు. హిందోళానికి, అంటే మాల్‌కౌన్స్‌కు, ఇంకో మార్పు కావాలి. ఆ రాగంలో పంచమం లేదు. తంబురా వాయించేవారు కూడా పా తీగను మా కు దించుకుంటారు. మనమూ ఐదో తీగను, రెండో తీగను రెండు మెట్లు దించితే సా, మా, సా, మా, మా, సా అవుతుంది. ఈ దించడాలు, ఎత్తడాలు పాటకు పాటకు మధ్య చేస్తే తీగలు కాసేపు నిలకడగా ఉండవు. ఒక రాగం శ్రుతి పెట్టుకుంటే ఆ శ్రుతికి సరిపడే పాటలన్నీ ఒక వరసలో పాడుకోవడం మేలు. కాకా ఇప్పుడు అలాగే వరస పెడుతున్నారు. గిటారు కోసం కాదు, మాల్‌కౌన్స్ అభంగాలన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని తనకే అనిపించిందట! ఏమైతేనేం, మావాడికి పేటీ పక్కన ఒక చాప దొరికింది.

విడి తీగల శ్రుతికి ఇంకో వాడుక ఉంది, దాన్ని చెప్పకపోతే విషయం సగమే అవుతుంది. హవాయి దీవులకు 1830ల ప్రాంతంలో పశువులను కాయడానికి మెక్సికో నుంచి వచ్చినవారు గిటార్లు తెచ్చారని, అక్కడివారు వాటి తీగలను తమ పాటలకు తగ్గట్టు వదులు చేసుకున్నారని చెబుతారు. పందొమ్మిదో శతాబ్దం చివర జోసెఫ్ కెకుకు అనే హవాయి కుర్రవాడు గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, వేళ్లతో నొక్కే బదులు ఉక్కు కడ్డీని తీగల మీద జార్చడం ప్రచారంలోకి తెచ్చాడు. కడ్డీ అన్ని తీగలనూ ఒకే చోట తాకుతుంది కాబట్టి దానికి విడి తీగల శ్రుతే దిక్కు. టావు మో అనే హవాయి విద్వాంసుడు కుటుంబంతో 1940లలో కలకత్తాలో ఉండి ఆ వాద్యాన్ని నేర్పాడు. మన దేశంలో కడ్డీ గిటారుకు మొదట బలంగా వేళ్లు పాతుకున్నది బెంగాల్లోనే. తర్వాత జోధ్‌పూర్‌లో పుట్టిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా, అలీ అక్బర్ ఖాన్ దగ్గర నేర్చి, దాని మీద రాగాలాపన చేశారు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో ఆయన గిటారు కలిసిన 1967 నాటి కాల్ ఆఫ్ ది వ్యాలీ రికార్డు మీలో చాలామంది విని ఉంటారు. జైపూర్ విశ్వమోహన్ భట్ గారు అదే గిటారుకు సితారులాగా తరఫ్ తీగలు కలిపి మోహన వీణ అన్నారు. అమెరికా గిటారు విద్వాంసుడు రై కూడర్‌తో కలిసి చేసిన రికార్డుకు 1994లో ఆయనకు గ్రామీ బహుమతి వచ్చింది. గిటారు మెల్లగా వీణ పేరు తెచ్చుకున్న కథ ఇది.

మావాడికి ఇది చెప్పగానే, రెండు వేళ్లు, బొటనవేలు ఉన్న చేతికి కడ్డీ పట్టడం కష్టం కాదని వెంటనే గ్రహించాడు. దుకాణంలో అడిగితే ఆ కడ్డీ తెప్పించాలన్నారు. దెగ్లూర్‌లో లేత్ పని చేసే అతను ట్రాక్టరు పిన్ను ముక్కను నున్నగా తిప్పి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. తీగలు మెట్లకు తగలకుండా ఎత్తుగా ఉండాలి. దానికి నట్ పక్కన తీగల కింద పెన్సిలు ముక్క దూర్చాం.

కడ్డీకి మెట్టు లేదు కాబట్టి గాంధారం ఎక్కడ ఉందో చెవే చెప్పాలి. బడిలో స్కేలు పెట్టి పిల్లలతో కొలిపించాను. నట్ నుంచి బ్రిడ్జి దాకా 65 సెంటీమీటర్లు. నాలుగో మెట్టు నట్ నుంచి 13 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. సహజ గాంధారం పలికేది తీగలో సరిగ్గా ఐదో వంతు దగ్గర, అంటే 13 సెంటీమీటర్ల దగ్గర. మావాడికి మేము లెక్క చెప్పలేదు. కళ్లు మూసుకుని, విడి తీగలను మీటుతూ, ఒకటో తీగ మీద కడ్డీని జరుపుతూ పోయి, అలలు ఆగినచోట ఆపాడు. స్కేలు పెట్టి చూశాం. మెట్టు గీతకు 4 మిల్లీమీటర్లు ఇవతల.